రెండొందల ఇరవై ఆరో చోటు

పర్లాకిమిడిలో కరెంటు పోయినప్పుడల్లా
నా వైరస్ నీళ్ళలో అలాగే నిలబడిపోతుంది,
ఈత మధ్యలో చెయ్యెత్తిన పిల్లాడిలా.
కరెంటొచ్చాక, చివరిసారి దాచుకున్న చోటు నుంచి
మళ్ళీ మునుగుతుంది.

అసలు వైరస్ కాదులెండి,
దాని కొక్కెం ఒక్కటే.
ఒక పెట్టె. పెట్టె నిండా లెక్కల నీళ్ళు, చిటికెడు ఉప్పు.
అవతల, కణం మీంచి వేలాడే చక్కెర గొలుసు.
మూడు లక్షల పరమాణువులు
తోసుకుంటూ, లాక్కుంటూ
పదకొండు రోజులు కిందామీదా పడితే
రెప్పపాటులో పదిలక్షలో వంతు గడుస్తుంది.

కోడి గొంతులో ఆ గొలుసు నిటారుగా ఉంటుంది.
మన గొంతులో మెడ వంచుకుని ఉంటుంది.
కొక్కేనికి ఇప్పటిదాకా నిటారుదే అలవాటు.
రెండొందల ఇరవై ఆరో చోట
గ్లుటమిన్ తీసేసి ల్యూసిన్ పెట్టాను,
కీబోర్డు మీద క్యూ చెరిపి ఎల్ కొట్టినంత పని.
వంగిన మెడ అందుతుందా లేదా,
అదీ నేను చూస్తున్నది.

కింద వాటాలో బెహరా దండాసికి
ముప్పై నాలుగు కోళ్ళు.
"ఏటి మేడమ్మా, ఆ డబ్బా రాత్తిరంతా బుసకొడతాది,
ఏటొండుతున్నావందులో?"
"నీ కోళ్ళ జబ్బే, దండాసీ."
"నా కోళ్ళకి జబ్బెక్కడిది!"
అని నాలుగు రోజులు మాట్లాడలేదు.

పోయిన పుష్యంలో కాశీనగరం వైపు
తెల్ల తొడుగుల మనుషులు దిగారు.
గోతులు, సున్నం, సంచులు.
చెక్‌పోస్టు దగ్గర కోళ్ళ వేన్లు ఆపేశారు.
మహేంద్రతనయ మీద కొంగలు మాత్రం
ఒడ్డు మార్చి ఒడ్డు, మామూలుగానే.
దండాసి ఆ వారమంతా పొద్దున్నే లేచి
వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు,
ముప్పై నాలుగు, ముప్పై నాలుగు,
పిల్లి ఒకదాన్ని పట్టుకుపోయిన రోజున
ముప్పై మూడని గట్టిగా ఏడ్చాడు.

ఆ రాత్రి పైకొచ్చాడు.
తెర మీద తిరుగుతున్న రంగుల ఉండలు చూశాడు.
"ఒక్క అచ్చరమేనా మార్చినావు?"
"ఒక్కటే."
జేబులోంచి రేషన్ కార్డు తీశాడు.
ఇంటిపేరు బెహెరా.
ఒడియాలో రాసుకున్న గుమస్తాకి అలాగే వినపడింది,
అతని తప్పేమీ కాదు.
ఆ ఎత్వంతో ఇక్కడ బియ్యం వస్తున్నాయి.
ఏటికవతల పాతపట్నం కచేరీలో
తండ్రి రాసిచ్చిన ఎనభై సెంట్ల దగ్గర మాత్రం
బెహెరా ఎవరో తెలియదన్నారు.
ఇరవై రెండేళ్ళు.
"నీ డబ్బాలో ఎట్టి దీన్ని కూడా తిప్పు," అన్నాడు,
"ఎన్నాళ్ళకి అతుక్కుంటాదో సెప్పు."

నవ్వాను. అతను నవ్వలేదు.

ఇవాళ లెక్క తేలింది:
రెండున్నర కిలోక్యాలరీలు బిగుసుకుంది.
దోషం, అటో ఇటో ఒకటిన్నర.
అంటే నాకేమీ తెలియలేదన్నా చెల్లుతుంది,
కొంచెం తెలిసిందన్నా చెల్లుతుంది.
ఈ ఒక్క చోటు మారితే చాలదు,
ఇంకో రెండు చోట్లు దీనికి సాయం రావాలంటారు.
అవి వస్తాయా, ఎప్పుడొస్తాయి,
ఏ కోడిలో, ఏ కొంగలో,
ఇది ఆ పెట్టెలో లేదు.
మళ్ళీ మూడుసార్లు నడపాలి.

తీగ సరిచేద్దామని వెనక్కి వంగితే
వేడిగాలి బుస్సున వచ్చే చోట
మెట్లెక్కి ఎప్పుడొచ్చిందో
గోధుమరంగు పెట్ట, పొదుగుకి కూచుంది.
పెట్టె వెనక పెట్ట.
చదువుకునేటప్పుడు ఈ రెంటికీ తడబడేదాన్ని,
ఒక్క ఎత్వం తేడా.

తోలెయ్యాలి.
ఎందుకు తోలాలో ఈ వీధిలో
నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు.
చున్నీ ముక్కుకి కట్టుకున్నాను.
అది ఒక కంటితో నన్ను చూసి
రెక్క కొంచెం ఎత్తింది.
కింద ఏడు గుడ్లు.

మిషన్ ఆపితే చల్లారిపోతాయి.

"దండాసీ," అని పిలిచాను,
పిలుస్తూనే రెండో పరుగు మొదలుపెట్టాను.